లంకపైకి రెండో రాక

హెలికాప్టర్ నిట్టనిలువుగా, వేగంగా దిగితే తాను కిందికి తోసిన గాలిలోనే తాను చిక్కుకుంటుంది. రెక్కల అంచుల చుట్టూ సుడులు కమ్ముకుని, పైకి లేపవలసిన శక్తినంతా తినేస్తాయి. అప్పుడు ఎడమచేతి మీటను ఎంత పైకి లాగితే యంత్రం అంతగా కుంగుతుంది. విరుగుడు మనసుకు ఎక్కనిది: మీట దించాలి, ముక్కు ముందుకు వంచాలి, ఎత్తు పోయినా సరే ఆ చోటు విడిచి సుడులు లేని గాలిలోకి పోవాలి. ఎందరో శిష్యులకు ఈ పాఠం చెప్పాను. పాఠంలో తప్పు లేదు. ఇప్పటికీ లేదనే అంటాను.

ఉద్యోగపు చివరి రోజులలో కృష్ణకు వరద వచ్చి, మమ్మల్ని గద్వాల మైదానం నుంచి పంపారు. మాది వనపర్తి కనుక ఆ నది నాకు కొత్త కాదు. నది నడుమ లంకలో గొర్రెల కాపరి, అతని భార్య చిక్కుకున్నారు. మందలో మిగిలినవి వాళ్లతోపాటు ఒక బండ మీద గుమిగూడి ఉన్నాయి.

"సార్, ముందు గొర్రెలనే ఎక్కించమంటాడు, చూడండి," అన్నాడు సహపైలట్.

"అతనలా అంటే నీ సీటు ఇద్దువుగాని. కిందికి చూడు."

పడమటి గాలికి ఎదురుగా రావాలంటే తూర్పు నుంచే రావాలి; అటు తుమ్మచెట్లు. వాటిని దాటి నిలువుగా దిగక తప్పలేదు. సగం దిగేసరికి ఎదురుగాలి దిక్కు మారి వెనకనుంచి తోసింది. యంత్రం వణికి, రాయిలా జారింది. కింద ఆ మనిషి రెండు చేతులూ పైకి చాచి ఉన్నాడు. మీట దించాను, ముక్కు వంచాను. అతని తలమీదుగా, నీటిని దాదాపు తాకుతూ, దూరంగా వెళ్లిపోయాను.

ఎత్తు పుంజుకుని, గాలి వాటం చూసుకుని, ఈసారి పడమటి నుంచి ఏటవాలుగా, నిదానంగా వచ్చి బండమీద ఆగాను. గొర్రెల మధ్య ఆడమనిషి ఒక్కతే ఉంది. వెనక ఉన్న సిబ్బంది ఆమెను లోపలికి ఎక్కించి, మాటలు వినబడేందుకు హెడ్‌ఫోన్లు తగిలించారు.

"ఆయన ఏడమ్మా?"

"మీ యెంబడే ఉరికిండు సారూ. ఇడిసిపెట్టి పోతుండ్రు, పోతుండ్రు అనుకుంట నీళ్లల్ల దుంకిండు. ఆగు, మల్ల వస్తరు అన్న. నా మాట ఎన్నడిన్నడు గనక?"

"వదిలి పోలేదమ్మా. దిగడం కోసమే అలా పోవలసి వచ్చింది."

"గది నీకు ఎర్క. ఆయనకెట్ల ఎర్కయితది?"

ఆమెను నేరుగా గద్వాలకు చేర్చాలన్నది మాకిచ్చిన ఆజ్ఞ. ఇంధనపు ముల్లు చూశాను. తిరుగు ప్రయాణానికి కావలసినది పక్కన ఉంచి, మిగిలినదంతా ఆమె వెతుకులాటకు ఇచ్చి, ప్రవాహం వెంట కిందికి మళ్లాను.

"అగో సారూ, గాడ! జర కిందికి పోనియ్."

గాలికి ఎదురుగా తిరిగి, ఏటవాలుగా దిగాను. చెట్టుమొద్దు. మరొకటి చూపింది. మళ్లీ తిరిగి, మళ్లీ అంతే నిదానంగా దిగాను. ఉబ్బిన గొర్రె.

"సార్, ఇంధనం ఇక చాలదు," అన్నాడు సహపైలట్, నా వైపు చూడకుండా.

నేను గద్వాల వైపు తిప్పాను. ఆమె వేలు ఇంకా అద్దానికి ఆనించే ఉంది.