సువార్తమ్మగారు అడిగిన ఫోటో

కలిదిండి మండలాన్ని కృష్ణా జిల్లా నుంచి తీసి ఏలూరు జిల్లాలో కలిపిన మరుసటి ఏడాది వేసవి. ఆకివీడులో మా ఫ్లెక్సీ షాపుకి అప్పుడు మంచి గిరాకీ. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బోర్డుల మీద జిల్లా పేర్లు మార్చుకుంటుంటే నేనూ మా ఆయనా భోజనానికి కూడా వంతులు వేసుకునేవాళ్ళం. ఇరవై ఏళ్ళుగా కంప్యూటరు మీద డిజైను చేయడం నా పని, మిషను మీద ప్రింటు తీయడం ఆయన పని. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, చేపల మేత ప్రకటనలు, శ్రద్ధాంజలులు. మా ఊళ్ళో ఎవరు పోయినా బంధువులకంటే ముందు మాకే తెలుస్తుందని మా ఆయన అంటూ ఉంటారు.

శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. తెచ్చేది ఏ పెళ్ళి ఫోటోనో అయి ఉంటుంది. వెనకాల జనాన్ని తీసేసి, మనిషి రంగు కాస్త తేల్చి, చొక్కా నలిగి ఉంటే కోటు వేస్తాను. కోటూ టై కంప్యూటర్లో సిద్ధంగా ఉంటాయి, తల పెట్టడమే తరువాయి. బతికుండగా కోటు మొహం చూడని రైతులు, కూలీలు ఎంతోమంది నా చేతుల మీదుగా దొరల్లా వెళ్ళిపోయారు. బాగా చేశారండీ అన్నవాళ్ళే గానీ ఎవరూ తప్పు పట్టలేదు. నాకూ అది మర్యాదగానే తోచేది.

అంతకు నాలుగేళ్ళ ముందు ప్రభాకర్ అనే కుర్రాడికి కూడా అలాగే కోటు వేశాను. కొల్లేటి ఒడ్డున ఒక లంక గ్రామం వాళ్ళది. చెరువుల దగ్గర నుంచి చేపల ట్రేలు తెచ్చే వ్యాను నడిపేవాడు. ఒకరోజు ఆపమన్నచోట ఆపకుండా నాలుగడుగులు ముందుకెళ్ళి ఆపాడని ఒక ఎస్సైకి కోపం వచ్చి స్టేషనుకి తీసుకుపోయాడు. మర్నాడు వాడి శవం చేపల చెరువులో తేలింది. కాలుజారి పడ్డాడన్నారు. తల్లి సువార్తమ్మగారు నమ్మలేదు, ఊరూ నమ్మలేదు.

ఆరోజు వాడి స్నేహితులు నాకు తెచ్చిచ్చిన ఫోటో ఏదో పెళ్ళి భోజనాల దగ్గరది. వాడు నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. శ్రద్ధాంజలిలో మనిషి అలా నవ్వుతుంటే బాగోదు కదా. ఇంకెవరిదో ఫోటోలోంచి పెదాలు తెచ్చి నోరు మూశాను. నలుపు తగ్గించాను, ముక్కు సన్నం చేశాను, మొహం మీద గాట్లు చెరిపాను. కోటు సరేసరి. అరగంట పని.

ఆ అరగంటలో చేసిన మొహమే తర్వాత నాలుగేళ్ళు ఊరూరా తిరిగింది. ధర్నాల్లో, కొవ్వొత్తుల ర్యాలీల్లో, టీవీల్లో, గోడల మీద, ఎక్కడ చూసినా 'అమరుడు ప్రభాకర్'. నిజం చెప్పొద్దూ, నా చేతిపని ఏలూరు దాకా వెళ్ళిందని లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఆ వేసవిలో ఏలూరు కోర్టు తీర్పు చెప్పింది. ఆరోజు స్టేషన్లో డ్యూటీలో ఉన్న హోంగార్డు చెప్పిన సాక్ష్యం నిలబడింది. హత్య నేరం కింద ఎస్సైకి యావజ్జీవం పడింది. బయట టపాకాయలు కాలుస్తుంటే సువార్తమ్మగారి నోటి ముందు మైకులు పెట్టారు. ఆవిడ, "కోర్టు వారు వెయ్యాల్సిన శిక్ష వేశారండి. నేను మాత్రం ఆయన్ని క్షమించేశానండి," అని జనంలోంచి నడిచి వెళ్ళిపోయారు.

ఇక చూడండి, తలో మాట. పక్క టీకొట్టు దగ్గర పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పంచాయితీ. ఎస్సై తరఫువాళ్ళ దగ్గర ఏదో ముట్టి ఉంటుందని ఒకరు, పాస్టరుగారు నూరిపోసి ఉంటారని ఇంకొకరు. అసలు తల్లేనా అని కూడా అన్నారు. మరునాడు పొద్దున్నే, ధర్నాలు నడిపిన పోరాట కమిటీ కుర్రాళ్ళు వచ్చి 'క్షమించేది లేదు' అని ఆరడుగుల ఫ్లెక్సీ కొట్టించుకున్నారు. మధ్యాహ్నం ఎస్సై బంధువులు వచ్చి 'క్షమించిన తల్లికి పాదాభివందనం' అని ఎనిమిదడుగులది కొట్టించుకున్నారు. అప్పీలుకి పనికొస్తుందని వాళ్ళలో వాళ్ళు అనుకోవడం నేను విన్నాను. రెండిటిమీదా పెట్టింది అదే ప్రభాకర్ మొహం.

నాకూ కోపం ఆగలేదు. కన్నకొడుకుని చంపినవాణ్ణి అంత తేలిగ్గా వదిలేస్తారా అని మా ఆయన దగ్గర గట్టిగానే అన్నాను. ఆయన మిషను మీంచి తలెత్తకుండా, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అన్నారు. ఆయనతో ఆ పూటంతా మాట్లాడలేదు.

వారం తర్వాత సువార్తమ్మగారే షాపుకి వచ్చారు. కుర్చీ వేసినా కాసేపు కూర్చోలేదు. మా అబ్బాయి పాత ఫోటో మీ దగ్గర ఉందాండీ అని అడిగారు. ఉంది కదా అని ప్రభాకర్ ఫైలు తెరిచి స్క్రీను ఆవిడ వైపు తిప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "ఇది కాదమ్మా. ఈ బాబు మీరు చేసిన బాబు. నాకు మా చంటి కావాలి."

చంటి అన్నది వాణ్ణి ఇంట్లో పిలిచే పేరు. ఆ పెళ్ళి ఫోటోని ఎవరో టీవీవాళ్ళు తీసుకెళ్ళి తిరిగి ఇవ్వలేదట. వాడు ఫోటోలు తీసేవాడే గానీ దిగేవాడు కాదు, ఆ తీసినవి ఉన్న ఫోను స్టేషన్లో పాడైపోయింది. ఇంక ఉన్నది ఆధార్ కార్డులో ఫోటో. దాని సంగతి చెప్పక్కర్లేదు, అందులో ఎవరి బిడ్డైనా ఒక్కలాగే ఉంటాడు.

నా దగ్గర స్కాను ఉండాలి కదా అని వెతికాను. లేదు. ఫ్లెక్సీ తయారయ్యాక ఫైలుని ఫ్లాటెన్ చేస్తాం. అంటే కోటు ఒక పొర, పెదాలు ఒక పొర, మొహం ఒక పొర, ఇలా విడివిడిగా ఉన్నవన్నీ కలిపి ఒకే బొమ్మగా చేసేయడం. ప్రింటు తొందరగా వస్తుంది. ఒకసారి కలిపి మూసేస్తే ఇక విడదీయలేం. అసలు ఫోటోని విడిగా దాచాల్సింది, హడావిడిలో దాచలేదు. ఆ మాట ఆవిడకు చెప్పక తప్పలేదు.

అప్పుడు కూర్చున్నారు. అంతవరకు లోపల పెట్టుకున్నది ఉండబట్టలేక నేనే అడిగేశాను, ఎలా క్షమించగలిగారండీ అని. అడగకూడని మాటే. ఆవిడకి కోపం రాలేదు.

"నాలుగేళ్ళు ప్రతి వాయిదాకీ ఎల్లానమ్మా. ఎల్లినప్పుడల్లా ఆయన మొహమే చూసుకుంటా కూచున్నాను. ఇంటికొచ్చి పార్దనకి కళ్ళు మూసుకున్నా ఆయనే. అన్నం ముందర కూకున్నా ఆయనే. నా బిడ్డ రావడానికి చోటు లేదు. ఆయన జైల్లోనే ఉండాలండి, నేను వదిలేయమన్లేదు. నా కళ్ళల్లోంచి పోతే చాలని క్షమించాను. పోయాడు. పోయాక చంటి వత్తాడనుకున్నాను. ఈ కోటు బాబొచ్చాడమ్మా."

కమిటీవాళ్ళకీ ఎస్సై చుట్టాలకీ ఆవిడ మాట తలోరకంగా పనికొచ్చింది. నేనైతే ఆవిడకి తిరిగి రావాల్సిన ఒక్క మొహాన్నీ అరగంటలో చెరిపేశాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

మర్నాటి నుంచి మూడు మధ్యాహ్నాలు రమ్మన్నాను. ఆవిడ చెబుతుంటే నేను దిద్దాను. కోటు తీసేశాను. రంగు దించాను. ఇంకా నలుపండి, ఎండనపడి తిరిగేవాడు అంటే ఇంకా దించాను. ముక్కు వెడల్పు చేయించారు. ఎడమ కనుబొమ్మ దగ్గర చిన్నప్పటి గాటు పెట్టించారు. గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు ఒక్కొక్కటే వేళ్ళతో గాల్లో గీసి చూపించేవారు. రెండో రోజు సాయంత్రానికి మొహం దారిలోకి వచ్చింది గానీ నోరు దగ్గర ఆగిపోయాం. వాడికి ముందు పన్ను మీదికి పక్క పన్ను ఎక్కి ఉండేదట. అలాంటి పళ్ళు నేనెక్కడి నుంచి తేను?

"నాదేనమ్మా ఆడి పళ్ళవరస," అని ఆవిడ నోరు తెరిచి చూపించారు. అచ్చంగా అలాగే ఉంది. ఫోను తీసి, నవ్వండి సువార్తమ్మగారూ అన్నాను. ఆవిడ ప్రయత్నించారు. పెదాలు కదిలాయి గానీ నవ్వు రాలేదు. నవ్వి ఎన్నాళ్ళైందో అని ఆవిడే అనుకుని, రేపు వస్తానండి అని లేచి వెళ్ళిపోయారు.

మూడో రోజు నేను ఫోను పక్కన పెట్టి, చంటి చిన్నప్పుడు అల్లరి చేసేవాడా అని ఊరికే కదిపాను. చేయకేమండీ అని మొదలుపెట్టారు. క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరి వేషం ఇచ్చి, గొర్రెపిల్లని తెచ్చుకోమన్నారట. ఊళ్ళో గొర్రెలెక్కడివి, ఉన్నవన్నీ బాతులే. వాడు ఒక బాతుని దుప్పట్లో చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. పాస్టరుగారు అందరినీ కళ్ళు మూయించి ప్రార్థన ఎత్తుకోగానే బాతు కూడా అరుపు అందుకుంది. ఆయన ఆపితే ఆపుతుంది, మొదలెడితే మొదలెడుతుంది. చివరికి ఆయన కళ్ళు తెరవకుండానే, "ఆమెన్, ముందు ఆ గొర్రెని బయటికి తీసుకెళ్ళండి," అన్నారట.

చెబుతూ చెబుతూ ఆవిడ నవ్వేశారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయి నవ్వారు. నేనూ నవ్వుతూనే ఫోటో తీశాను.

ఆ నవ్వుని వాడి మొహంలో కూర్చోబెట్టడానికి గంట పట్టింది. అయ్యాక స్క్రీను తిప్పాను. ఆవిడ లేచి దగ్గరకొచ్చి చూశారు. తర్వాత, "ఎక్కడికెళ్ళిపోయావురా ఇన్నాళ్ళూ," అని స్క్రీనుతోనే అన్నారు. నేను బయటికి వెళ్ళి నిలబడ్డాను.

చేతిలో పట్టేంత ఫోటో ఒక్కటి చాలన్నారు. కవరులో పెట్టి ఇచ్చాక, ఫైలు చెరిపేయమని అడిగారు. "ఊరోళ్ళకి ఆ కోటు బాబు ఉన్నాడు కదమ్మా. ఈడు నాకు." ఆవిడ చూస్తుండగానే చెరిపేశాను. ఫోనులో నవ్వు కూడా. తర్వాత వర్ధంతికి కమిటీ కుర్రాళ్ళు వచ్చి కొత్త ఫోటో చేశారటగా, ఇవ్వండి అంటే లేదని చెప్పాను. కోపం వచ్చి వేరే షాపుకి వెళ్ళారు.

అప్పటి నుంచి ఎవరు ఏ ఫోటో తెచ్చినా ముందు ఉన్నది ఉన్నట్టు దాచి, మనిషి ఎలా ఉండేవారండీ అని అడిగి గానీ చెయ్యి పెట్టను. కోటు ఇంటివాళ్ళు అడిగితేనే. ఇది నేను నేర్చుకున్న పని. న్యాయం గొప్పదా క్షమ గొప్పదా అని టీకొట్టు దగ్గర ఇప్పటికీ ఎవరో ఒకరు మొదలుపెడతారు, నన్నూ అడుగుతారు. ఆవిడ అడిగింది ఆ రెండూ కాదని వాళ్ళకి చెప్పినా ఎక్కదు.

మొన్న షాపు ముందు నుంచి చేపల ట్రేలతో ఒక వ్యాను వెళ్ళింది. చంటి గుర్తొచ్చాడు. మూడు మధ్యాహ్నాలు నా చేతులతో దిద్దిన మొహం కదా, ఒక్కసారి చూసుకుందామని కళ్ళు మూసుకున్నాను. కోటు వేసుకుని, నోరు మూసుకుని, ప్రభాకరే వచ్చాడు.