అత్త చూసిన ఒక్క విమానం

మలేషియాలోని పోర్ట్ క్లాంగ్ రేవులో ఇరవై ఏళ్లకు పైగా సరుకు లెక్క రాస్తున్నాను. ఓడ మీద ఒకరు, గట్టు మీద ఒకరు విడివిడిగా రాస్తాం. రెండు కాగితాలూ కలిస్తేనే అది లెక్క. యుద్ధ విమానాల పిచ్చి నాకు ఆ అలవాటు నుంచే పట్టుకుంది. పైలట్లు కూల్చామన్నవి ఒక కాగితం, ఎదుటి పక్షంలో ఆ రోజు తిరిగిరానివి రెండో కాగితం. చాలాసార్లు మొదటి అంకే పెద్దది. వాళ్లు కావాలని అబద్ధమాడారని కాదు. ఒకే విమానాన్ని ముగ్గురు కాలిస్తే, అది పొగ కక్కుతూ పడటం ముగ్గురూ చూస్తారు. ముగ్గురూ తామే కూల్చామనుకుంటారు.

ఇక్కడి మా తెలుగు సంఘం వాళ్లు రబ్బరు ఎస్టేట్ల చరిత్ర పుస్తకం వేస్తూ, రెండో ప్రపంచ యుద్ధంలో బటాంగ్ బెర్జుంటై ఊరి దగ్గర విమానాలు పడ్డ సంగతి నన్ను సరిచూడమన్నారు. ముగ్గురు పైలట్లు తలా ఒకటి కూల్చామన్నారట. మూడు రబ్బరు ఎస్టేట్ల నుంచి ముగ్గురు ముసలివాళ్ల సాక్ష్యం ఉంది. వాళ్లలో ఒకరు మా మేనత్త. ఇప్పుడు తొంభై దాటింది, అప్పటికి చిన్నపిల్ల. ముగ్గురు పైలట్లు, ముగ్గురు సాక్షులు కాబట్టి మూడు విమానాలని పుస్తకం కూర్చే పెద్దమనిషి తేల్చేశాడు.

నేను మ్యాపు పరిచాను. రబ్బరు పాలు తూకం వేసే వేళ అని ముగ్గురూ అన్నారు. తోక మండిందనీ ముగ్గురూ అన్నారు. ఎవరు ఏ దిక్కున చూశారో వాళ్ల ఎస్టేట్ నుంచి గీత గీస్తే, మూడు గీతలూ నది అవతల ఒకే చిత్తడి నేలలో కలిశాయి. ఎదుటి పక్షం జాబితాలో ఆ రోజు తిరిగిరానిది ఒక్కటే. మ్యాపు చేతికిస్తే ఆయన నవ్వి, మాట చివర ఇక్కడి మలయ్ అలవాటు ‘లా’ తగిలించి అన్నాడు.

“ఒక్కటని రాస్తే ఎవుడు సదువుతాడు లా, తమ్ముడూ? మూడంటే మన ఎస్టేటోళ్లకి గొప్ప.”

పుస్తకం వచ్చింది. అత్త ఫోటో కింద ఆమె ఎన్నడూ అనని మాట ఉంది: ‘మూడు విమానాలు పడ్డాయి, నేనే లెక్కపెట్టాను.’ మ్యాపు చూడక ముందు రాసి ఉంటే పొరపాటు అనుకునేవాణ్ణి. చూశాక రాశాడు. ప్రాణం మీదికి వచ్చిన వేళ ఆకాశంలో పైలట్ తప్పు లెక్కపెట్టాడంటే అర్థముంది. ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్న ఈయనకేం వచ్చింది? తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ ఆదివారం గుడిలో భోజనాల దగ్గర, అత్తతో పాటు అదే ఎస్టేట్‌లో పెరిగిన ఒక ముసలావిడ అందరూ వినేలా అడిగింది.

“ఏటే, ఇద్దరం కలిసే కదే సూసినాం. నాకు ఒకటి కనిపించినాది, నీకు మూడెలాగ కనిపించినాయే?”

పంక్తి అంతా నవ్వింది. అత్త విస్తరి ముందు నుంచి లేచిపోయింది. ఇంటికి వచ్చాక నాతో అంది.

“మూడని నానెప్పుడన్నానురా? పోయే ముందు నన్ను అబద్ధాలకోరుని సేసినారు.”

ఆ పెద్దమనిషికి ఫోన్ చేశాను. మళ్లీ అచ్చు వేసినప్పుడు చూద్దామన్నాడు. మా అత్త వయసు ఎంతో లెక్క వేసుకుని ఆ మాట అనమన్నాను. ఫోన్ పెట్టేశాడు.

రేవులో తప్పు అంకెను చెరపకూడదు. అది కనపడేలా ఒక్క గీత కొట్టి, సరైనది పక్కన రాసి, సంతకం పెట్టాలి. సంఘం వాళ్లు అత్తకిచ్చిన ఐదు పుస్తకాల్లోనూ ఆ వాక్యం మీద గీత కొట్టి, ‘పడింది ఒక్కటే’ అని రాశాను. సంతకం పెట్టబోతే అత్త పెన్ను లాక్కుంది.

“సూసింది నువ్వా, నానా?”

ఐదింటిలోనూ వంకర అక్షరాలతో తన పేరు రాసింది. మొదటిది ఆ ముసలావిడకి పంపమంది. రెండోది సంఘం ఆఫీసుకు తీసుకెళ్లి, ఆ పేజీ తెరిచి, ఆ పెద్దమనిషి బల్ల మీద పెట్టి వచ్చాను.