బోరు నీళ్ల తోటకూర

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వెళ్లే బస్సులో, తోటకూర గంప కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. పక్కన ఒక కాలేజీ అమ్మాయి. ఆమె సంచి నిండా మట్టి పొట్లాలు.

"మట్టి అమ్ముతవా ఏంది బిడ్డా?" అన్నాను.

నవ్వింది. "మా చదువే ఇది అమ్మా. మట్టిల, నీళ్లల్ల ఏమేం విషాలు కలిసినయో చూస్తం. నాకు అంతా కంపెనీల పక్క మట్టే దొరికింది. పోల్చి చూసేతందుకు మంచి మట్టి జెరంతన్నా కావాలె. మీ కూరకు ఏ నీళ్లు పెడ్తరు?"

మా మడికి పారేది కంపెనీల వెనక వాగు నీళ్లు. కానీ రోజూ నా దగ్గర కొనే టీచరమ్మ ముందు సీటులోనే ఉంది.

"బోరు నీళ్లు బిడ్డా. కొబ్బరి నీళ్ల లెక్క ఉంటయి," అన్నాను.

"గందుకే కూర గంత నవనవలాడుతది," అని టీచరమ్మ సాక్ష్యం కూడా పలికింది.

అమ్మాయి ముఖం వెలిగిపోయింది. ఒక కట్ట కొని, వేళ్లకున్న మట్టిని కాగితంలోకి జాగ్రత్తగా దులిపింది. పొట్లం మీద 'మంచి మట్టి' అని రాసి, నాకు చదివి వినిపించింది. నేను తలూపాను.

కంది ఊరి స్టాపులో దిగుతూ, "మీరు దొరక్కపోతే నా ఆర్నెల్ల కష్టం ఆగిపోయేదమ్మా," అంది. బస్సు కదిలాక, ఆమె కట్ట తీసుకున్న చోట మిగతా కట్టలు సర్దాను.

సాయంత్రం ఇంటి కూర కోసం మిట్ట మీది చిన్న మడికి వెళ్లాను. దానికి బావి నీళ్లు పెడతాం. మేము తినేది ఎప్పుడూ అక్కడిదే. తోటకూర పీకితే, ఆ అమ్మాయి వెతికిన మట్టి నా వేళ్లకు అంటుకుంది.