మిరప కళ్లంల ప్రశ్నల బ్యాంకు

నా బిడ్డ డాక్టరు కాకుంట చేసేంత పని ఒకటి చేసిన నేను. పగోడు కాదు, పాలోడు కాదు, కన్నతల్లినే. ఒక ఆదివారం పొద్దుగాల, మిరపకాయ ఆరబోసే కళ్లంల, నలభై మందిని సాక్షం పెట్టుకొని మరీ చేసిన. ఇప్పుడు చెప్తె మీరు నవ్వుతరు. నవ్వుండ్రి, ఆనాడు మాత్రం నా మొఖంల నెత్తురు సుక్క లేదు. నాకు రాసుడు సంతకం దాకనే వచ్చు, అందుకే నోటితోని చెప్తున్న. మాట మొరటుగ వస్తె అది నా నోటి తప్పే, రాసేటోళ్లది కాదు.

మాది కేసముద్రం దగ్గర తండా. ఇండ్లల్ల మా బాసే మాట్లాడుకుంటం, అమ్మను యాడి అంటం. మా ఆయన పోయినంక ఉన్న రెండెకరాల మిరపతోటనే నమ్ముకొని నా బిడ్డ సునీతను సదివించిన. మంచు కురిసే దేశంల ఆరేండ్లు సదివి డాక్టరు పట్టా తెచ్చింది. ఇగ తెల్ల కోటేసుకొని తిరుగుతదనుకున్న. ఏడ తిరుగుతది? బయటి దేశంల సదివినోళ్లు ఇక్కడ ఇంకో పరీక్ష రాయాల్నట. అది పాసైతెనే లైసెన్సు. అప్పటిదాక రోగి చెయ్యి గూడ పట్టొద్దట. ఆరేండ్లు పొయ్యి ముందట కూసోని వండిన బువ్వ, ఇస్తార్ల పెట్టినంక తినొద్దన్నట్టు. ఒకపారి రాసింది, కొద్దిల పోయింది. రెండోపారికి పట్టువట్టి కూసున్నది.

సదువుడంటె పుస్తకం అనుకునేరు. ఫోను. అండ్ల ప్రశ్నల బ్యాంకు అని ఒకటుంటది. వేలకు వేల ప్రశ్నలు, ఒక్కొక్క దాంట్ల ఒక్కొక్క రోగి, కింద నాలుగు జవాబులు. సరైంది నొక్కితె పచ్చగైతది, తప్పు నొక్కితె ఎర్రగైతది. పైకి చెప్పుకుంట చేస్తె బుర్రల నిలబడ్తదని నా బిడ్డ నాకు మన మాటల్ల చెప్పుకుంట చేసేది. నేను తొడిమలు తీసుకుంట వినేదాన్ని. ఒకనాడు నలభై ఐదేండ్ల మొగాయన వచ్చిండు, ఛాతిల నొప్పి, ఒళ్లంత చెమట. సునీత ఏదో నొక్కింది, ఎర్రగైంది, ఉసూరుమని ఇంకో రోగి కాడికి పోయింది.

"మరి ఆయనకేమైంది?" అని అడిగిన.

"ఎవలకు?"

"గదే, ఛాతి నొప్పాయనకు."

"యాడీ, అది ప్రశ్న. ఆయన లేడు."

"లేడా? నువ్వు తప్పు నొక్కంగనే పోయిండా?"

సునీత నెత్తి పట్టుకున్నది. నాకు మాత్రం ఒళ్లు మండింది. మనిషి సావుబతుకుల ఉంటె, వాని పేరు లేదు, ఊరు లేదు, బతికిండా సచ్చిండా చెప్పేటోడు లేడు, నాలుగు గీతలు గీసి వదిలేస్తరా? బొమ్మల మిరపకాయ నాకితె నోరు మండుతదా? ఫోను నొక్కితె చింతకాయలు రాలుతయా? నా బిడ్డకు ఎర్రలు ఎందుకు వస్తున్నయో నాకు తెలిసిపోయింది అనుకున్న. రోగికి మొఖం లేదు, అందుకే.

ఈ మంట మీద ఇంకింత కారం సల్లింది మా ఊరి సూది డాక్టరు. ఆయన ఏడ సదివిండో ఎవలకు తెల్వదు, అడిగినోళ్లు గూడ లేరు. జ్వరమొస్తె సూది, కడుపు నొస్తె సూది, ఏమీ రాకుంటె బలానికని గ్లూకోజు బాటిలు. ఆయనకు ఏ పరీక్షా లేదు. కిరాణం దుకాణం కాడ పదిమంది ముందట, "ఏమక్కా, నీ బిడ్డ ఇంకా ఫోనే నొక్కుతాందా?" అన్నడు. అందరు నవ్విండ్రు. అండ్ల మా చాందీ గూడ నవ్వింది. చాందీ అంటె మా పక్కింటిది, నాతోని ఇరవై ఏండ్ల సంది కాయ ఏరేది.

నేను ఊకుంటనా?

మా తండాల బదలు అని ఒక పద్ధతి. ఇయ్యాల నేను నీ చేన్ల కాయ ఏరుత, రేపు నువ్వొచ్చి నా చేన్ల ఏరాలె. ఆ ఏడు పదకొండు మంది ఆడోళ్లు నా చేన్లకు ఒక్కో పూట రావాల్సి ఉండె. నేను ఇంటింటికి పోయి, నా కాయ ఏరుడు వద్దు, ఆదివారం వచ్చి నా బిడ్డ ముందట రోగి లెక్క కూసోండ్రి, బదలు తీరిపోతది అని చెప్పిన. ఎండల వంగేకంటె నీడకు కూసునుడు మేలని అందరు ఒప్పుకున్నరు. చాందీ ఒక్కతే నడుం మీద చెయ్యి పెట్టి, "రోగం మేమే తెచ్చుకోవాల్నా, మీ ఇంట్ల ఇస్తరా?" అన్నది.

"తెచ్చుకోవాలె. దాంతోని నాలుగు జవాబులు గూడ తేవాలె. అండ్ల ఒకటే సరైంది ఉండాలె" అన్న.

ఆదివారం పదకొండు మంది రానే వచ్చిండ్రు. కళ్లంల పట్టా పరిచి వరుసగ కూసోవెట్టిన. ఒక్కొక్కదాని చేతుల ఒక పచ్చి మిరపకాయ, ఒక పండు మిరపకాయ పెట్టిన. జవాబు సరైందైతె పచ్చది లేపాలె, తప్పైతె ఎర్రది. ఫోను చేసే పని మనం చెయ్యలేమా?

సునీత బయటకొచ్చి చూసి గడప మీదనే ఆగిపోయింది. "యాడీ, ఎవల్నన్న నేను ముట్టుకుంటె నేరమైతది" అన్నది.

"ముట్టుకోకు. జవాబు చెప్పు, చాలు."

అందరిని ఇండ్లకు పొమ్మనబోయింది. అంతల చాందీ అందుకున్నది. నాలుగడుగులు వేస్తె ఆయాసం, ఛాతి మీద బండ పెట్టినట్టు, ఎడమ చెయ్యి గుంజుతాంది. ఒకటి గ్యాసు, రెండు వేడి, మూడు దిష్టి, నాలుగు మా కోడలు.

పదిమందీ ఒక్క గొంతుతోని నాలుగోదే అన్నరు. నా బిడ్డ నవ్వలె. ఎన్నొద్దుల సంది అని అడిగింది. నెల. ఎవలకు చూపిచ్చినవంటె, సూది డాక్టరు గ్యాసుకు సూదులు ఇస్తున్నడన్నది.

"చిన్నమ్మా, ఇయ్యాల్నే మానుకోట పెద్ద దవాఖానకు పో. బువ్వ తిన్నంక కాదు, ఇప్పుడే పో" అన్నది సునీత.

చాందీ ఎర్ర మిరపకాయ లేపింది. సూది లేదు, గోలి లేదు, పొమ్మంటదేంది అని దాని కోపం. అయినా దాని కొడుకు బండెక్కించి తోలుకపోయిండు.

ఇగ చూడుండ్రి నా కర్మ. కేసముద్రం మార్కెట్టుకు పోయే ట్రాక్టరు మా కళ్లం కాడ ఆగింది. సునీత వైద్యం మొదలుపెట్టిందని ఎవలో అరిచిండ్రు. ట్రాక్టరుల ఉన్నోళ్లు దిగిండ్రు, పక్క తండా వాళ్లు వచ్చిండ్రు, చూస్తుండంగనే నలభై మంది. తాను దూర సందు లేదంటె మెడకో డోలన్నట్టు, నా బిడ్డకే సందు లేదు, నేను నలభై డోళ్లు కట్టిన. సునీత చేతులు జోడించి, నాకు లైసెన్సు లేదు, మీరు దవాఖానకే పోవాలె అని ఒక్కొక్కరికి చెప్పింది. చెప్పినకొద్ది ఎర్ర మిరపకాయలు లేస్తున్నయి. తోటల గూడ గంత ఎర్ర నేను చూడలె.

ఆ మంది నడుమ సూది డాక్టరు ఫోను పట్టుకొని వీడియో తీస్తున్నడు.

సునీత లోపలికి పోయి తలుపేసుకున్నది. నేను కిటికీల నుంచి ఏమైందే అంటె, ఆయన ఫిర్యాదు ఇస్తడు, కేసైతె నన్ను పరీక్షకు గూడ కూసోనియ్యరు అన్నది. గొంతుల ఏడుపు గూడ లేదు. ఆ పొద్దంత ఫోను ముట్టలె. వద్దని నేను తిట్టిన ఫోనే, ఒక్కపారి తియ్యే బిడ్డా అని బతిమాలిన.

తెల్లారి మానుకోట నుంచి జీపుల దవాఖానలు తనిఖీ చేసే సారు ఒకాయన వచ్చిండు. సూది డాక్టరు ఆయన పక్కన చేతులు కట్టుకొని పెండ్లిపెద్ద లెక్క నిలబడ్డడు. ఇక్కడ లైసెన్సు లేకుంట దవాఖాన నడుపుతున్నరట కదా అని సారు అడిగిండు.

"దవాఖాన కాదు సారూ, బ్యాంకు" అన్న.

లైసెన్సు లేని బ్యాంకు గూడ ఉన్నదనుకొని సారు ఇంకో కాగితం తీసిండు. నేను విప్పి చెప్పినకొద్ది ఆయన మొఖం ముడుచుకపోయింది. నోరు మూసుకోమని సునీత కండ్లతోనే చెప్తాంది. నా నోరు నా మాట ఎన్నడు విన్నది?

ఆఖరికి సారు ఆడోళ్లను పిలిచి, ఈమె మీకేం మందులిచ్చింది, నిజం చెప్పుండ్రి అన్నడు. అడుగుడే ఆలస్యం, కట్ట తెగింది. ఒక్క గోలి ఇయ్యలె సారూ అని ఒకతి. చీటీ రాయలె, చెయ్యన్న పట్టలె అని ఇంకొకతి. అందరికంటె పెద్ద ముసలామె ముందటికొచ్చింది.

"పొద్దంత కూసోవెట్టి అందర్ని పెద్ద దవాఖానకు తోలింది. గిదేం డాక్టరు? కేసు రాయాల్నంటె గా కేసు రాయి బాపూ."

నా బిడ్డ ఇజ్జతు పోయిందని నేను నెత్తి కొట్టుకుంటున్న. సారు మాత్రం పెన్ను మూత పెట్టిండు. మందు ఇయ్యనోళ్ల మీద కేసు లేదన్నడు.

అప్పుడే చాందీ కొడుకు ఫోను చేసిండు. దాని గుండెకు పోయే నరం పూడుకపోయిందట, దవాఖానల పడుకోవెట్టిండ్రట. ఇంకో నాలుగు రోజులు గ్యాసుకని సూదులే తీసుకుంటె మనిషి దక్కకపోవునన్నరట. సారు మెల్లగ తిరిగి, ఆ గ్యాసు సూదులు ఎవరిచ్చిండ్రు అని అడిగిండు. సూది డాక్టరుకు ఎవలింట్లనో బాటిలు నడుస్తున్న సంగతి యాదికొచ్చింది. పోయిండు.

సారు సునీతను పోయి సదువుకోమన్నడు. నన్ను మాత్రం వదలలె. ఇగ మీద ఇంట్ల రోగులను కూసోవెట్టనని రాయించి నాతోని సంతకం పెట్టించుకున్నడు. నా జిందగీల నేను చదవకుంట పెట్టినా అర్థమైన సంతకం అదొక్కటే.

సునీత ఆ పరీక్ష పాసైంది. ఇప్పుడు గార్ల దిక్కు దవాఖానల కొలువు. ఎట్ల పాసైనవని ఎవలన్న అడిగితె, ప్రశ్నల బ్యాంకు మంచిగ చేసిన అంటది. ఫోను పేరు చెప్తది, కన్నతల్లి పేరు చెప్పది. చాందీ కూడ అంతే, బతికించింది మానుకోట డాక్టర్లంటది.

సరే, అది పోనియ్యి. మొన్న నాకు జ్వరమొచ్చింది. సునీత చూసి ఒక గోలి ఇచ్చింది, నీళ్లు మస్తు తాగు, పడుకో అన్నది. లైసెన్సున్న డాక్టరు, సొంత తల్లికి, ఒక్క గోలి. పానం ఊకుంటదా? అది డ్యూటీకి పోయినంక కొంగు కప్పుకొని దొడ్డిదారిన సూది డాక్టరు కాడికి పోయిన. ఆయన సూది తీసి నడుం కింద పొడిసిండు.

పొద్దుమీకి బిడ్డ వచ్చింది. బువ్వకాడ నేను పీట మీద ఒక పక్కకే ఒరిగి కూసున్నది చూసి, చేతిల ముద్ద చేతిలనే పెట్టుకొని అడిగింది.

"యాడీ, ఏ పక్క?"

అందుకే మీ అందరి ముందట ఒట్టు వెడ్తున్న. ఇగ నా బిడ్డ ముందటికి రోగులను తోలుకరాను. సూది డాక్టరు గడప తొక్కను. నా మిరపతోట మీద ఒట్టు, మా ఆయన మీద ఒట్టు. ఈ ఒట్టు నిలబడే పెడ్తున్న. కూసోని పెడ్దామంటె ఇంకా కూసోవస్తలేదు.