నాగరత్నమ్మ గారి కడియం

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదటినుంచీ నవ్వే. నేను చేసే పని అలాంటిది. తెనాలిలో ఒక స్కానింగ్ సెంటర్లో సీటీ టెక్నీషియన్‌ని. మనిషిని యంత్రంలో పడుకోబెట్టి తీసిన వందల చిత్రాలను కంప్యూటర్లో కలిపి, చర్మం, కండ, ఎముక విడివిడిగా కనిపించే త్రీడీ బొమ్మ చేస్తాను. దాన్ని మౌసుతో ఎటు కావాలంటే అటు తిప్పి చూడొచ్చు. ఇన్నేళ్లలో ఎంతమంది తలలు తిప్పానో లెక్కలేదు. ఉన్నది కనిపించింది తప్ప లేనిది ఎప్పుడూ కనిపించలేదు. అందుకే ఇది రాయడానికి ఇంతకాలం వెనకాడాను.

ముందు నాగరత్నమ్మ గారి గురించి చెప్పాలి. మా సెంటర్లో ఆయమ్మ. రోజూ భట్టిప్రోలు నుంచి రైల్లో వచ్చేవారు. చిన్నపిల్లలు స్కానుకి కదలకుండా పడుకోరు కదా, తల్లో తండ్రో రేడియేషన్‌ను ఆపే సీసపు ఏప్రాన్ వేసుకుని పక్కన నిలబడి తల పట్టుకోవాలి. అది ఎవరికీ కుదరని రోజున, నేను వద్దని మొత్తుకుంటున్నా ఆ ఏప్రాన్ ఈవిడ వేసుకునేవారు.

"నీ యంత్రం నన్నేం చేసుద్దిలే అమ్మాయ్, నువ్వు నొక్కు" అనేవారు.

అరచెయ్యి పిల్లల చెంపకి ఆనించి పట్టుకునేవారు. గుక్కపట్టి ఏడ్చే పిల్లలు కూడా ఆ చేతిలో ఊరుకునేవాళ్లు. నాకు అసూయగా ఉండేది.

చిక్కల్లా ఆవిడ కుడిచేతి వెండి కడియంతోనే. లోహం దగ్గరుంటే చిత్రాల్లో సైకిలు చక్రం పుల్లల్లా తెల్లగీతలు పడతాయి. తీసేయమని రోజూ పోరేదాన్ని. పెళ్లినాటిది, సబ్బు రాసినా ఊడేది కాదు. పైగా ఎప్పుడో స్ట్రెచరుకీ తలుపుకీ మధ్య నలిగి ఒకవైపు సొట్టపోయింది. మా స్కాన్లను గుంటూరులో కూర్చుని చూసి రిపోర్టు రాసే డాక్టరు గారు ఆవిడను ఎన్నడూ చూడలేదు గానీ, ఆ కడియాన్ని మాత్రం బాగా ఎరుగుదురు.

పోయిన వానాకాలంలో నాగరత్నమ్మ గారు నిద్రలోనే పోయారు. గుండె ఆగిందన్నారు. నేను వెళ్లి చూసి వచ్చాను. సొంత పిన్ని పోయినట్టే ఏడ్చాను.

కొన్ని నెలల తర్వాత బాపట్ల దగ్గరి పల్లె నుంచి ఒక జంట రెండేళ్ల పాపను తీసుకొచ్చారు. పాపకు పుట్టుచెవుడు. చెవి లోపల పరికరం అమర్చే ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారట. దానికి ముందు, నత్తగుల్లలా చుట్టుకుని శనగగింజంత ఉండే లోపలి చెవి సరిగా ఉందో లేదో త్రీడీలో చూపించాలి. ఆ బొమ్మ రాకపోతే ఆ తేదీ పోతుంది.

పాపకు జలుబు, ఆయాసం. మత్తు ఇవ్వడానికి వీల్లేదన్నారు. తల్లికి నెలలు నిండుతున్నాయి, ఆ గదిలోకి రానివ్వకూడదు. తండ్రి పట్టుకున్నాడు. వినపడని పిల్లను ఏ మాట చెప్పి ఊరుకోబెడతాం? పాప కాళ్లు కొట్టుకుంటూ ఏడ్చింది, అతని పట్టు జారింది, బొమ్మంతా అలికేసినట్టు వచ్చింది. రేడియేషన్‌తో పని, ఊరికే మళ్లీ మళ్లీ తీయకూడదు. ఇంకొక్కసారే తీస్తానని చెప్పాను.

"మేడం గారూ, ఈ డేటు పోతే నా కూతురు నన్ను నాన్నా అని ఎప్పుడు పిలుద్దండీ?" అన్నాడు. మొహం కడుక్కుని వస్తానని బయటికి వెళ్లాడు.

నేను పాప పక్కనే ఉన్నాను. ఉన్నట్టుండి ఏడుపు ఆగింది. నా వైపు కాదు, అవతలి వైపు పైకి చూసింది. చెంప కాస్త వాల్చి అలాగే ఉండిపోయింది. ఇలాంటి సందు మళ్లీ దొరకదు. బెల్టు సరిచూసి, బయటికి పరుగెత్తి, తలుపు వేసి, అద్దంలోంచి పాపను చూస్తూ బటన్ నొక్కాను. గదిలో పాప తప్ప ఎవరూ లేరు. ఇది ఎవరి ముందైనా చెబుతాను. స్కాన్ అయ్యేదాకా పాప కదల్లేదు.

లోపలి చెవులు రెండూ అద్దంలా వచ్చాయి. తండ్రిని పిలిచి చూపించాను. పాపను గుండెకు హత్తుకుని ఏడ్చేశాడు.

వాళ్లు వెళ్లాక, అలవాటుగా చర్మం పొర పెట్టి చూశాను. పాప మొహం వచ్చింది. చెంపకి ఆనుకుని ఎవరో పెద్దవాళ్ల అరచెయ్యి ఉంది. ఎముకల పొరకు మార్చాను. వేళ్లు, మణికట్టు, దాని చుట్టూ తెల్లగా మెరుస్తూ కడియం, ఆ చుట్టూ నాకు బాగా తెలిసిన తెల్లగీతలు, చెవుల దాకా మాత్రం రాలేదు. బొమ్మను తిప్పాను. కడియానికి ఒకవైపు సొట్ట ఉంది.

భయం వేసిందని అనను. ఏడుపొచ్చింది. బొమ్మలో పడిన పెద్దల చేతుల చుట్టూ మౌసుతో గీత గీసి తీసేయడం మాకు మామూలే. ఆ చెయ్యి చుట్టూ కూడా గీత గీశాను. డిలీట్ నొక్కలేకపోయాను. ఉన్నదున్నట్టు డాక్టరు గారికి పంపేశాను.

సాయంత్రం ఆయన ఫోన్ చేశారు.

"చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా, ఆపరేషన్ చేసుకోవచ్చు. ఏంటి, మీ ఆయమ్మ ఇంకా ఆ కడియం తీయలేదా?"

ఆవిడ పోయిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. "లేదండి" అని మాత్రం అనగలిగాను.

పాత స్కాన్ ఏదైనా ఇందులో కలిసిపోయిందేమోనని ఇంజనీరును పిలిపించాను. అతను అంతా వెతికి, పాప చెంప ఆ వేళ్ల కింద కొంచెం నొక్కుకుపోయి ఉండటం చూపించాడు. రెండు స్కాన్లు కలిస్తే ఇలా నొక్కుకోదు కదండి అన్నాడు. ఆ చెయ్యి ఎవరిదో అతనికి చెప్పలేదు.

ఇక ఆ కడియం వేరెవరి చేతికైనా ఉందేమో చూడాలనిపించింది. ఆదివారం రైలెక్కి రేపల్లెలో ఉన్న నాగరత్నమ్మ గారి అమ్మాయి సుజాత ఇంటికి వెళ్లాను. అడగగానే దేవుడి గూట్లోంచి పసుపు గుడ్డ మూట తెచ్చి విప్పింది. కడియం రెండు ముక్కలుగా ఉంది.

"దహనం ముందు తీద్దామంటే ఊడి రాలేదక్కా. కంసాలిని పిలిపించి కోయించాం."

సొట్ట ఒక ముక్క మీద ఉంది. నా బొమ్మలో కడియం ఎక్కడా తెగి లేదు.

పాప పేరు తీసేసి బొమ్మను ఫోన్లో పెట్టుకెళ్లాను. జరిగింది చెప్పి చూపించాను. సుజాత ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది. ఇదెలా కుదురుతుందని నన్ను అడగలేదు.

"అప్పుడు పాప ఏడ్చిందా అక్కా?"

"లేదమ్మా. కదలను కూడా లేదు."

"అయితే అమ్మేలే" అని కళ్లు తుడుచుకుని, నాకు కాఫీ పెట్టడానికి లేచింది.

ఆపరేషన్ అయింది. మొన్న పాప తండ్రి ఫోన్ చేశాడు. పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తోందట.

దెయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. ఆ బొమ్మ మా కంప్యూటర్లో అలాగే ఉంది. చెయ్యి చుట్టూ గీసిన గీత కూడా ఉంది. డిలీట్ మాత్రం ఇవాళ్టికీ నొక్కలేదు.