పోపు చప్పుడు

ఈ ఉదయం పప్పుకు పోపు పెడుతుంటే ఆవాలు చిటపటమన్నాయి. నా చెయ్యి దానంతటదే మంట తగ్గించేసింది. నా పోపు ఎప్పుడూ సగమే వేగుతుందని ఇంట్లోవాళ్లు నవ్వుతారు. వాళ్లకు యాకూబ్ ఉస్తాద్ తెలియదు.

ఖమ్మంలో, ఖానాపురం హవేలి వైపు ఉండేది ఆయన షెడ్డు. రేసు బైకుల ఇంజన్లు చెయ్యడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. నాకు పని నేర్పింది ఆయనే. ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ వేలెడంత ఉంటుంది. దాన్ని ఎంచడానికి ఆయనకు రోజంతా పట్టేది. ఒక్కోదానితో గాజు గొట్టంలోకి నిమిషంసేపు చిమ్మించి, ఎంత నిండిందో కళ్లద్దాలు పైకి నెట్టి చూసేవాడు.

"ఇంజన్ నిమిషానికి పదమూడు వేల చుట్లు తిరుగుతది. అంత జోరుల దానికి పెట్రోల్ పొయ్యనీకి టైమేడిదిరా? చిన్నది పెడితే జోరుల చాలదు, పిస్టన్ కాలుతది. మరీ పెద్దది పెడితే మెల్లగ తిరిగేటప్పుడు ఎక్కువైతది, బండి నిలబడి దగ్గుతది" అనేవాడు. పెట్రోలు చాలకపోతే ఇంజన్‌లో పోపు చప్పుడు వస్తుందనీ, వినగానే యాక్సిలరేటర్ వదిలెయ్యాలనీ చెప్పింది కూడా ఆయనే.

అలాంటి మనిషికి వినికిడి మందగించింది. ముప్పై ఏళ్ల మోత మరి, ఊరికే పోతుందా. ఆయన ఎవరికీ చెప్పలేదు. బండి స్టార్ట్ చేసి, ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి అదురును బట్టి అంచనా వేసేవాడు. నేను చూసీ చూడనట్టు ఉండేవాణ్ణి. అదే గౌరవం అనుకున్నాను.

ఒకసారి మధిర నుంచి ఒకతను రేసు బండి తెచ్చాడు. ఉస్తాద్ రెండు ఇంజెక్టర్ల మధ్య ఊగిసలాడి, చివరికి చిన్నదే బిగించాడు. నెమ్మదిగా తిరిగేటప్పుడు ట్యాంకు ఆయన చెయ్యి కింద నిమ్మళంగా ఉంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే మాత్రం మోత అడుగున సన్నగా ఆవాలు వేగాయి. ఆయన నా వైపు చూశాడు.

"ఎట్లున్నది?"

బండి ఓనరు పక్కనే ఉన్నాడు. అతని ముందు ఉస్తాద్‌ను తప్పుపట్టలేక, "మంచిగున్నది ఉస్తాద్" అన్నాను.

సాయంత్రానికి ఆ బండి ట్రాలీ ఆటోలో తిరిగొచ్చింది. ఇంజన్ విప్పితే పిస్టన్ నెత్తిన చిల్లు. ఉస్తాద్ దాన్ని ఒళ్లో పెట్టుకుని, చిల్లు అంచును వేలితో తడిమాడు. నన్ను తిట్టినా బాగుండేది.

"నీకు ఇనబడ్డదా?"

"అవ్."

"నా చెవులు పోయినయని నాకు ఎరుకనేరా. నీ చెవులున్నయి గదా అన్న ధైర్యంతోనే గిన్నొద్దులు పని చేసిన."

ఆ తర్వాత ఆయన రేసు ఇంజన్ ముట్టుకోలేదు. పంక్చర్లు వేసుకుంటూ, ఆయిల్ మార్చుకుంటూ గడిపాడు. నిరుడు కన్నుమూశాడు. జనాజాకు భుజం పట్టాను గానీ, బతికుండగా క్షమించమని ఒక్కసారీ అడగలేకపోయాను. ఆ బాధ తగ్గలేదు.

ఈ మధ్య నా కుడి చెవి కూడా సరిగ్గా పనిచెయ్యడం లేదు. ఈ సంగతి నా షెడ్డులో అందరికీ చెప్పాను. బండి స్టార్ట్ చేసి, ఓనరు ముందే పక్కవాణ్ణి అడుగుతాను.

"ఏమినబడుతున్నదో ఉన్నదున్నట్టు చెప్పు."

"పోపు, అన్నా" అంటాడు వాడు ఒక్కోసారి. మనసు చివుక్కుమంటుంది. ఇంజన్ ఆపి పెద్ద ఇంజెక్టర్ వెతుక్కుంటాను. ఆ రోజు నేను అనాల్సింది ఆ ఒక్క మాటే.