బావ బండి, నా మొదటి అరెస్టు

ఆ రోజుల్లో నాకు చట్టం అంతా వచ్చేసిందనుకునేవాణ్ణి. లా డిగ్రీ చేతికొచ్చి మూడు నెలలైంది, నల్లకోటు కుట్టించుకుని రెండు నెలలైంది, అనకాపల్లిలో ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా చేరి సరిగ్గా పదకొండు రోజులైంది. ఈ పదకొండు రోజుల్లో ఆయన నాకు అప్పగించిన పనల్లా వాయిదా తేదీలు డైరీలో ఎక్కించడం, టీ చల్లారకముందే తెప్పించడం. మనిషికి పని తక్కువై చదువు ఎక్కువైతే ఏమవుతుందో అదే నాకూ అయింది. రోడ్డు మీద ఎవరు ఎవరితో గొడవపడినా అందులో ఎన్ని సెక్షన్లు ఉన్నాయో లెక్కపెట్టేవాణ్ణి. మా అమ్మ పక్కింటావిడ మీద గొంతు పెంచినా కూర్చోబెట్టి వివరించేవాణ్ణి. (అమ్మ చేతిలో గరిట ఉండగా వివరించడం మానేశాననుకోండి.) అన్నిటికన్నా నాకు ముద్దొచ్చిన సెక్షన్ ఒకటుండేది. కళ్ళెదుట పెద్ద నేరం జరుగుతుంటే పోలీసులే రానక్కర్లేదు, మామూలు మనిషి కూడా నేరస్థుణ్ణి పట్టుకోవచ్చు, పట్టుకుని ఆలస్యం చేయకుండా పోలీసులకి అప్పగించాలి. దేశంలో ప్రతి పౌరుడి చేతుల్లో ఇంత అధికారం ఉండగా ఎవడూ వాడుకోవడం లేదే అని నాకు నిజంగా బాధగా ఉండేది.

ఒకరోజు పొద్దున్న మునగపాక నుంచి ఒక రైతు తన పొలం గట్టు తగాదా మీద వచ్చాడు. సీనియర్ గారూ ఆయనా కలిసి కోర్టుకి బయల్దేరుతుంటే, ఆ రైతు తన పాత మోపెడ్ ఆఫీసు ముందు పెట్టి, "బాబూ, బండి కాత్త సూత్తుండండి, తాళం సరిగ్గా పడదు" అన్నాడు. ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు గానీ, నాకది రాజ్యం నాకు అప్పగించినట్టు వినిపించింది. కుర్చీ గుమ్మానికి ఎదురుగా వేసుకుని కూర్చున్నాను.

అరగంట కాకుండానే నేరం జరిగింది. లుంగీ పైకి కట్టిన ఒక భారీ మనిషి ఎటు నుంచో వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, నడుం దగ్గర్నుంచి తాళాల గుత్తి తీశాడు. ఒక తాళం పెట్టాడు, తిరగలేదు. రెండోది పెట్టాడు, తిరగలేదు. మూడోది పెట్టేసరికి బండి తాళం తిరిగిపోయింది. (అది ఆయన పొలంలో మోటారు షెడ్డు తాళమని తర్వాత తెలిసింది.) నా గుండె ఆనందంతో దడదడలాడింది. అయితే ఆ మనిషి భుజాన నల్లగా, పొడుగ్గా ఏదో వేలాడుతోంది. ఆయుధం. ఆత్మరక్షణకి ఎంత అవసరమో అంతే బలం వాడాలని చదువుకున్నవాణ్ణి కాబట్టి, మూల ఉన్న ఇనుప బీరువా హ్యాండిల్ వదిలేసి సీనియర్ గారి గొడుగు తీసుకున్నాను.

"ఆగు. నిన్ను నేను అరెస్టు చేస్తున్నాను" అన్నాను, గొడుగు ముందుకు చాపి.

ఆయన నన్నూ గొడుగునూ మార్చి మార్చి చూశాడు. "తవరు పోలీసోరా బాబూ?"

"కాదు. పోలీసులు కాకపోయినా పట్టుకోవచ్చు. ఆ ఆయుధం కింద పడెయ్యి."

"ఇదా? ఇది ట్రాకటరు ఫేన్ బెల్టండి" అని ఆయన దాన్ని జాగ్రత్తగా నా చేతికే ఇచ్చాడు. "బండి మా బావది. నాను పట్టుకెల్తన్నాను."

దొంగలంతా ఇలాగే అంటారని నాకు పుస్తకాల్లో తెలుసు. ఆయన్ని లోపలికి నడిపించి, పుస్తకాల గదిలో కూర్చోబెట్టి బయట గడియ పెట్టి, కిటికీలోంచి వాంగ్మూలం రాసుకోవడం మొదలుపెట్టాను. తుమ్మపాల పంచదార ఫ్యాక్టరీ దగ్గర చెరకు లోడుతో ఆయన ట్రాక్టరు వరసలో ఉందట. బెల్టు తెగిపోతే ఆటో ఎక్కి టౌనుకొచ్చి కొత్తది కొన్నాడట. తిరిగి వెళ్తుంటే ఇక్కడ బావ బండి కనబడిందట. పన్నెండింటికి చెరకు తూచే కాటా దగ్గర ఆయన వంతట. "వంతు తప్పితే మళ్ళీ వరస సివరికెల్లిపోవాలి బాబూ. నరికి ఇప్పటికే రెండ్రోజులయ్యింది, సెరుకు ఎండిపోతంది. బేగి ఎల్లాలి" అన్నాడు. నేను శ్రద్ధగా విని, "నిందితుడు కట్టుకథ చెప్పెను" అని రాసుకున్నాను. ఆయన మంచినీళ్ళడిగితే ఇచ్చాను. నిందితుడి హక్కులు కదా.

తర్వాత స్టేషన్‌కి ఫోన్ చేశాను. జీపు బందోబస్తుకెళ్ళిందట, పట్టుకున్నవాళ్ళే తీసుకొచ్చేయమన్నారు. ఇక్కడ చట్టం నన్ను ఇరుకున పెట్టింది. ఆలస్యం చేయకూడదు. నడిపించి తీసుకెళ్తే ఎండలో ఆ మనిషి పారిపోతే నేను పరిగెత్తలేను. ఆటోకి జేబులో చిల్లర లేదు. మిగిలిందల్లా చోరీకి గురైన మోపెడ్, అదేమో నాకు నడపడం రాదు. చివరికి నిందితుడే అన్నాడు, "నాను తోల్తాను బాబూ, ఎనక కూకోండి" అని. అలా నా జీవితంలో మొదటి అరెస్టు, ముద్దాయి బండి తోలుతుండగా, నేను వెనక ఒక చేత్తో ఆయన చొక్కా కాలర్, ఇంకో చేత్తో గొడుగు, మెడలో ఫ్యాన్ బెల్టుతో మెయిన్ రోడ్డు మీద ఊరేగింది. వంతెన ఎక్కేచోట బండి ఆయాసపడితే, "కాత్త దిగి తొయ్యండి బాబూ" అన్నాడు. దిగి తోశాను. ఎదురొచ్చిన ఆయన తాలూకు ఎవరో, "ఏటి మామా, ఎటు?" అనడిగారు. "టేసన్ కిరా. ఈ బాబు అరెస్టు సేసేరు" అన్నాడాయన. "అలాగా, అయితే మద్దేనం కలుద్దుం" అని ఆ మనిషి వెళ్ళిపోయాడు.

స్టేషన్‌లో ఉన్నది ఒక పెద్ద వయసు హెడ్ కానిస్టేబుల్. నా వాంగ్మూలం నాలుగు పేజీలూ ఓపిగ్గా చదివి, ముందు నన్ను కాకుండా ఆయన్ని అడిగాడు. "సొంత బావేనా?"

"సెల్లెలి మొగుడండి."

"ఎప్పుడూ పట్టుకెల్తుంటావా?"

"మా పంపుసెట్టు ఆడు పట్టుకెల్తాడు, ఆడి బండి నాను పట్టుకెల్తాను. అడిగితే కోప్పడతాడండి, నానేటి పరాయోణ్ణా అని."

హెడ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "బావ బండి పట్టుకెల్తే దొంగతనం అయితే బాబూ, మా ఇంట్లోనే ముగ్గుర్ని లోపలెయ్యాలి నాను. దురుద్దేశం ఉండాలి గదా? మీకు తెల్దా? దొంగతనమే లేనప్పుడు మీ అరెస్టేటి? మనిషిని గదిలో పెట్టి గడియేసేరు. దానికి సెక్షన్ ఏదో మీకే బాగా తెలుసు. ఈయన మిమ్మల్ని నెట్టేసి ఎల్లిపోయినా, రెండు తగిలించినా, అది ఈయన ఆత్మరక్షణే అవుద్ది. గొడుగు మీ ఆత్మరక్షణ మాత్రం అవదు." గోడ గడియారం పన్నెండూ ఐదు చూపిస్తోంది. కాటా వంతు దాటిపోయిన నా ముద్దాయి ముఖం వాడిపోవడం అప్పుడు చూశాను. "ఈ బాబు మీద కంప్లయింటు రాసిత్తావా?" అని హెడ్ గారు ఆయన్ని అడిగాడు. నా నల్లకోటు, సీనియర్ గారి కొలువు, మా నాన్న ఊరంతా చెప్పుకున్న గొప్పలు అన్నీ ఆ ఒక్క సమాధానం మీద ఆధారపడి ఉన్నాయి. ఆయన తన బెల్టు నా మెడలోంచి తీసుకుంటూ, "టయిము లేదండి" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఎక్కండి బాబూ, ఒక్కరూ ఎండలో ఏటెల్తారు. కాటా అయ్యేక ఆపీసు కాడ దింపుతాను" అన్నాడు.

ఆ బండి మీదే తుమ్మపాల వెళ్ళాం. ఆయన వరస చివర ఎక్కడుందా అని చూస్తున్నాడు. నేను లెంపకాయ ఎప్పుడు పడుతుందా అని చూస్తున్నాను. తీరా చూస్తే ట్రాక్టరు కాటా దాటి అవతల ఉంది. దాని పక్కన మా మునగపాక క్లయింటు, అంటే బావ, చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. కోర్టులో వాయిదా పడిందట, ఆఫీసుకొస్తే బండీ లేదు, నేనూ లేను. "బండి నేదంటే నువ్వే పట్టుకెల్లుంటావనుకున్నాను. నీ వంతు గేపకం వచ్చి ఆటో ఎక్కేను. ఎనక ట్రాకటరోణ్ణి బతిమాలి, తాడు కట్టించి లాగించేను. ఇంతసేపూ ఎక్కడున్నావు బావా?" అన్నాడు.

నేను నేల వైపు చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు చెప్తాడు. గొడుగు గురించి, గడియ గురించి, కాలర్ గురించి. చెప్పగానే సీనియర్ గారికి తెలుస్తుంది, పన్నెండో రోజు నాకు ఉండదు.

"ఈ లాయరుబాబుకి టేసన్లో పనుందంటే దింపేను బావా" అన్నాడాయన. "కాత్త లేటయ్యింది. బాబుకి ఓ సెరుకుగెడ ఇయ్యి, మద్దేనం దాకా ఏటీ తిన్నేదు."

ఆ చెరకు నమలలేక నమలలేక నమిలాను. ఇప్పుడు నాకు ఇరవై ఏళ్ళ ప్రాక్టీసు. ఆ చట్టాల పేర్లూ నంబర్లూ కూడా మారిపోయాయి. దొంగ దొరికితే ఎంతవరకు కొట్టొచ్చని అడగడానికి వచ్చేవాళ్ళకి, మనల్ని కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతే, వేలెడు కూడా ఎక్కువ కాదు అని నేర్పుగా చెప్తుంటాను. ఆ రోజు ఆ ఆత్మరక్షణ హక్కంతా ఎవరి చేతిలో ఉందో, దాన్ని ఆయన ఎంత వాడుకున్నాడో తల్చుకుంటే, గొడుగు చాపి నిలబడ్డ ఆ కుర్రాణ్ణి చూసి నాకు నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఇన్నేళ్ళలో నేను చాలామందిని కేసుల్లోంచి బయటపడేశాను. నన్ను బయటపడేసింది మాత్రం ఆయనొక్కడే, అదీ ఒక్క అబద్ధం కూడా చెప్పకుండా.